పసుపు పూసిన ఎల్లరాయి

చిత్తూరు బస్సులో పాపను ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఒక ఊరి మొదట్లో, రోడ్డు పక్కన, పసుపు పూసిన రాయి కనబడింది. పాపకు మాటిమాటికీ జ్వరాలు మొదలయ్యాక నేను ఏ సామినీ వదలడం లేదు. దాని చేతులు రెండూ కలిపి మొక్కించాను.

పక్క సీటులో ఉన్న నడివయసు ఆమె ఒక్క దెబ్బతో ఆ చేతులు విడగొట్టింది. పాప కెవ్వుమంది.

"బిడ్డను కొడతావా?" అని ఆమెను భుజం పట్టి తోసేశాను.

"అది సామి గాదమ్మా, మున్సిపాలిటీ ఎల్లరాయి. మా మరిది తన చేను టవును లోపలికి రావాలని దాన్ని పెరికి జరపబోతే మా ఇంటాయన అడ్డం పోయినాడు. మరిది ఆయన తల పట్టి ఆ రాయికేసే కొట్టి సంపినాడు. నెత్తురు కనబడకుండా పసుపు పూసి, గంగమ్మ వెలిసిందన్న్యాడు. సంపినోడు దొరకాలని రెండేండ్లు నేనూ దానికే మొక్కినా. మొన్న తాగి వాడే చెప్పినాడు."

"పోలీసులకు చెప్పలేదా అక్కా?"

"సాక్ష్యమేదన్న్యారు. పసుపు గీకి సూపిద్దామని పోతే, సామిని ముట్టినానని ఊరోళ్లు కొట్టినారు." కొంగు తీసి నెత్తి మీది కుట్లు చూపించింది.

ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి, "గంగమ్మను అట్లనగూడదు, కండ్లు పోతాయి" అన్నాడు.

ఆమె నావైపు చూసింది. "సదువుకున్నదానివి. నువ్వన్నా నమ్ముతావా?"

బస్సంతా మమ్మల్నే చూస్తోంది. నేను నమ్మాను. ఆ మాట ఇన్నాళ్లకు ఇక్కడ రాస్తున్నాను గాని, ఆ రోజు పైకి అనలేకపోయాను.

ఆమె పాప చేతులు దగ్గరికి తీసుకుంది. తాను కొట్టినచోట మెల్లగా ఊది, తరువాతి స్టాపులో దిగిపోయింది.