బస్సు పడుకునే ఊరు

మాఘమాసం వచ్చిందంటే మా ఊళ్ళో గాలి ఘాటెక్కుతుంది. కల్లాల్లో పరిచిన మిరపకాయలు మంచుకు మెత్తబడి, తెల్లారేసరికి ముక్కులో తీపిగా గుచ్చుకునే ఒక వాసన వదులుతాయి. కోడి కూసిన కాసేపటికి ఆ వాసనలోకి డీజిలు పొగ వచ్చి కలుస్తుంది. మా ఇంటి ముందు ఆగి ఉన్న బస్సు ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, ఆ తరువాత నిలకడగా మోగుతుంది. నేను పొయ్యి దగ్గర కూర్చునే వింటాను. దగ్గు ఎక్కువైందంటే ఆ రాత్రి బండికి సరిగా నిద్రపట్టలేదని లెక్క. ఈ మాట నాది కాదు, మస్తాన్‌ది. ఆ చప్పుడు వినడం నేర్పింది కూడా అతనే. నేను మూడో తరగతి మధ్యలో ఉండగా మా నాన్న బడి మాన్పించి పత్తి తీయడానికి పంపించాడు. అప్పటినుంచి నాకు ఎవరూ ఏదీ కూర్చోబెట్టి నేర్పలేదు, నేనూ అడగలేదు. అరవై దాటాక ఒక బస్సు డ్రైవరు దగ్గర నేర్చుకోవలసింది ఉంటుందని అనుకోలేదు.

మాది పర్చూరు పక్క నల్లరేగడి ఊరు. పత్తి, మిరప తప్ప వేరే పంట ఎరగం. వరసగా రెండేళ్ళు పత్తికి గులాబీ పురుగు, మిరపకు తామర పురుగు తగిలి, చేలో దిగిన మనిషి ఉత్త చేతులతో గట్టెక్కాడు. ఆ రోజుల్లోనే వాడరేవు దాటి సముద్రం ఒడ్డున ఒక పెద్ద ఆటల పార్కు పెట్టారు. మనుషులు జారే నీళ్ళ గొట్టాలు, ఆకాశంలో తిరిగే చక్రాలు, వచ్చినవాళ్ళు ఉండడానికి ఏసీ గదులు. అంత పెద్ద చోట ఊడవడానికి, తువ్వాళ్ళు ఉతకడానికి, కూరగాయలు తరగడానికి మనుషులు కావాలి కదా. పార్కువాళ్ళే ఊళ్ళమీదికి బస్సులు పెట్టి ఆడవాళ్ళను పిలిపించుకున్నారు. మా ఊరి నుంచి మొదట ఎక్కింది నా కోడలు సరోజ. ఆ ఏడు మా ఇంట్లో వానతోనూ పురుగుతోనూ పని లేకుండా వచ్చిన అన్నం అదొక్కటే. తువ్వాళ్ళు మడతపెట్టే పని కూర్చుని చేసుకోవచ్చని తెలిసి, కొద్దిరోజులకు నేనూ ఎక్కాను. ఇంట్లో కూర్చుంటే నా చేతులు ఊరుకోవు, చేతులు ఊరుకుంటే నోరు ఊరుకోదు.

ఆ బస్సు డ్రైవరే మస్తాన్ వలి. కనిగిరి మనిషి. ప్రభుత్వ బస్సు నడిపి రిటైరై, ఇంట్లో కాలు నిలవక పార్కులో చేరాడు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. భుజం మీద ఎప్పుడూ తడిగుడ్డ ఒకటి. మొదటిరోజు సాయంత్రం అందరినీ దించాక బండిని మా ఇంటి ముందున్న ఖాళీ జాగాలోకి తిప్పి, దిగి నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, బండి ఇక్కడ పెట్టుకుంటాను. పొద్దున్నే మళ్ళీ ఇక్కణ్ణుంచే బయల్దేరతాం."

"పెట్టుకో. నూనె కారిందంటే మాత్రం నువ్వే కడగాలి."

"కారదక్కా."

"హారను కొట్టకూడదు. మా గేదె బెదిరిందంటే పాలు చేపదు."

"కొట్టను."

"లైటు నీ బండిలోదే వేసుకో. మా కరెంటు ముట్టుకోవద్దు."

అతను కాసేపు తల గోక్కుని, "మంచినీళ్ళకి కూడా మీటరుందా అక్కా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు గానీ చెంబు తెచ్చి ఇచ్చాను. ఆ మర్నాడు వసారాలో నులకమంచం కూడా వాల్చాను. ఎలాగూ ఖాళీగా నిలబెట్టి ఉంది.

అతనికి ఇదేమీ కొత్త కాదు. సర్వీసులో సగం రాత్రులు నైట్ హాల్టు బస్సుల మీదే గడిపాడట. సాయంత్రం ఆఖరి బస్సుగా ఊళ్ళోకి వచ్చి, అక్కడే పడుకుని, పొద్దున మొదటి బస్సుగా బయల్దేరడం. "పట్నంలో పడుకున్న బస్సు పట్నందక్కా. అది ఊరికి చుట్టంచూపుగా వస్తుంది. ఊళ్ళో పడుకున్న బస్సు ఊరిది. దానికోసం ఊరు లేస్తుంది, ఊరికోసం అది లేస్తుంది," అనేవాడు. ఖర్చు లేని మాటలు ఎన్నైనా చెప్పొచ్చని నేను పెద్దగా పట్టించుకోలేదు. రంజాను నెల వచ్చినప్పుడు అతను చీకటితోనే లేచి చల్లన్నం తిని ఉపవాసం పడుతుంటే చూసి, ఆ నెలంతా నేనూ ముందే లేచి పొయ్యి వెలిగించాను. "నాకోసమా అక్కా?" అంటే, "గేదెకి కుడితి కాచడానికి" అని చెప్పాను. కుడితితో పాటు పప్పుచారు కూడా వేడెక్కేది.

బస్సు తాళంచెవి సంగతి కూడా ఆ రోజుల్లోదే. ఊళ్ళో బస్సు ఉంటే దానిమీద అందరి కళ్ళూ పడతాయి. ఒకడు పెళ్ళివారిని తీసుకురమ్మంటాడు, ఒకడు చీరాల సినిమాకి పోదామంటాడు. కాదంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. మస్తాన్‌కి ఎవరినీ కాదనడం చేతకాదు. ఒక సాయంత్రం అతను తాళంచెవి తెచ్చి, మా గుమ్మం పక్కన చేటలు తగిలించే మేకుకు తగిలించాడు.

"ఇదేమిటయ్యా, మా మేకు నీకు అద్దెకిచ్చానా?"

"ఇక్కడుంటే నిశ్చింత అక్కా. ఎవరొచ్చి అడిగినా, తాళం అక్క దగ్గరుంది, పోయి అడుక్కోండి అని చెప్తాను."

"వచ్చి అడిగితే?"

"నిన్నా? ఎవరొస్తారు?"

నిజంగానే ఎవరూ రాలేదు. పుట్టినప్పటినుంచి నా నోటిని గురించి ఊరంతా చెప్పుకున్నదే. అప్పుడూ ఇప్పుడూ అందులో మంచి మాట నేను విన్నది లేదు. నా కాఠిన్యానికి కూడా ఒక పని ఉంటుందని కనిపెట్టి, ఆ పని నాకు అప్పగించిన మొదటి మనిషి మస్తాన్.

ఏడాది తిరక్కుండా పార్కువాళ్ళు బస్సులన్నీ ఒక కాంట్రాక్టరుకు అప్పగించారు. కొత్త పద్ధతి ప్రకారం సాయంత్రం ఊళ్ళలో మనుషుల్ని దించాక బస్సులన్నీ ఒంగోలులో ఉన్న కాంట్రాక్టరు షెడ్డుకు చేరాలి, పొద్దున అక్కణ్ణుంచే బయల్దేరాలి. వయసు పైబడిన డ్రైవర్లను పనిలోంచి తీసేశారు. ఆ సాయంత్రం మస్తాన్ మేకు మీద నుంచి తాళంచెవి తనే తీసుకున్నాడు. "ఇవాళ్టినుంచి ఇది ఒంగోల్లో పడుకుంటుందంట అక్కా," అన్నాడు. నేను మజ్జిగ ఇచ్చాను. తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

తరువాత వచ్చిన డ్రైవర్లు ఎవరూ నిలవలేదు. నిన్న వచ్చినవాడు ఇవాళ రాడు. మమ్మల్ని దించి, ఖాళీ బండి తోలుకుంటూ ఒంగోలు పోయి, అక్కణ్ణుంచి సొంత ఊరు చేరేసరికి మళ్ళీ బయల్దేరే వేళయ్యేది పాపం వాళ్ళకి. ఇంతలో మిరప కోతలు ముదిరాయి. గుంటూరు యార్డుకు బస్తాలు తోలే లారీలవాళ్ళు కనిపించిన డ్రైవరునల్లా పిలిచి ఎక్కించుకున్నారు. ఇక బస్సు ఒకరోజు వస్తే రెండురోజులు లేదు. ఆడవాళ్ళం క్యారేజీలు పట్టుకుని రోడ్డు మీద ఎండెక్కేదాకా నిలబడి తిరిగొచ్చేవాళ్ళం. పార్కులో సూపర్‌వైజరమ్మ సరోజతో చెప్పిందట: ఇలాగే రాకపోకలు తప్పితే ఈ పనులు కూడా ఎవరికో కాంట్రాక్టుకు ఇచ్చేస్తారు, వాళ్ళు దూరంనుంచి మనుషుల్ని తెచ్చి హాస్టల్లో పెట్టి చేయించుకుంటారు, వచ్చే నెల దాకా చూస్తారు అని. సరోజ ఆ మాట నాకు చెప్తూ పార్కువాళ్ళిచ్చిన యూనిఫాం చీర మడతపెట్టి పెట్టె అడుగున పెట్టేసింది. "మళ్ళీ పురుగుమందు వాసనలోకే అత్తయ్యా," అంది. ఆ పిల్ల ఎప్పుడూ గొంతు పెంచదు. ఆ రోజూ పెంచలేదు.

నేను శ్రీను చేత, అంటే మా అబ్బాయి చేత, కనిగిరికి ఫోను కలిపించాను.

"ఏమయ్యా, నీ బస్సు రావట్లేదు."

"నా బస్సు కాదుగా అక్కా."

"మరెవరిదో చెప్పు, తిట్టాలి."

అతను నవ్వి, అంతా విన్నాడు. "డ్రైవర్లు దొరకట్లేదంటున్నారు," అన్నాను. "దొరుకుతారక్కా, నిలవరు. మనిషి ఎక్కడ పడుకుంటాడో ముందు చూడాలి. ఎక్కడిదాకా నడుపుతాడనేది తరువాత సంగతి," అన్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి అతనే దిగాడు. వెంట యేసోబు అని ఒక మనిషి. దర్శి వైపు వాడు, పెళ్ళాంబిడ్డలున్నవాడు. అదే కాంట్రాక్టరు దగ్గర చేరి, నిద్ర చాలక మానేశాడట. ముగ్గురం ఆటోలో పార్కుకు పోయాం. కాంట్రాక్టరు మనిషి కూర్చునే రేకుల గది ముందు మస్తాన్ ఆగిపోయాడు.

"నేను లోపలికొస్తే పాత డ్రైవరు కడుపుమంటతో వచ్చాడనుకుంటారు. నువ్వు వెళ్ళక్కా. నీ మొహం చూస్తే ఎవరూ కాదనలేరు."

"నా మొహానికేమైంది?"

"ఏమీ కాలేదు. అలాగే ఉంచు."

లోపల కిరణ్ అనే అబ్బాయి రెండు ఫోన్లు మార్చి మార్చి మాట్లాడుతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతనికీ నిద్ర లేదు. "మామ్మగారూ, నా దగ్గర బస్సులున్నాయి, డ్రైవర్లు లేరు. నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు.

"బయట ఒక డ్రైవరున్నాడు. బస్సు మా ఊళ్ళో పడుకోనిస్తే నడుపుతానంటున్నాడు. మంచం నాది, కూడు నాది. నీ బండి రోజూ ఖాళీగా ఒంగోలు పోయి ఖాళీగా వస్తోంది. మా ఇంట్లో ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టనివ్వను బాబూ. మంట దండగ."

"ఊళ్ళో పెడితే బండికి పూచీ ఎవరు? ఎవరైనా తోలుకుపోతే?"

"తాళం నా దగ్గరుంటుంది."

"మీ దగ్గరుంటే?"

గది ఊడుస్తున్న నాగమ్మ, మా తువ్వాళ్ళ గదిలో మునుపు పనిచేసిన మనిషి, చీపురు ఆపకుండానే అంది: "సార్, ఆవిడ దగ్గర్నుంచి సబ్బుముక్క బయటికి రావాలంటే మాకు పై అధికారుల చీటీ కావలసొచ్చేది."

కిరణ్ నన్ను ఎగాదిగా చూశాడు. ఆ రోజు అతనికి మూడు ఊళ్ళకు డ్రైవర్లు లేరు. "వారం చూస్తాను మామ్మగారూ. చిన్న తేడా వచ్చినా బండి ఒంగోలే," అన్నాడు.

ఆ వారంలోనే శివరాత్రి పడింది. సాయంత్రం శ్రీను నలుగురు స్నేహితులతో గుమ్మంలోకి వచ్చాడు. కోటప్పకొండ తిరునాళ్ళకు పోవాలి, బండి ఊరికే పడి ఉంది, యేసోబు కూడా సరేనన్నాడు, తెల్లారేసరికి తెచ్చి పెట్టేస్తాం అని. యేసోబు మంచం మీద కూర్చుని నేల చూస్తున్నాడు. వాడికీ మస్తాన్ జబ్బే, కాదనలేకపోవడం.

"యేసోబు పడుకోవాలి. పొద్దున ఇంతమంది ఆడవాళ్ళు అతని కళ్ళని నమ్ముకుని ఎక్కుతారు," అన్నాను.

"అమ్మా, దేవుడి పని. కన్నకొడుకుని అడుగుతున్నా."

"అందుకే మెల్లగా చెప్తున్నా. ఇంకొకడైతే చీపురు తీసేదాన్ని. అందులో నీ పెళ్ళాం కూడా ఎక్కుతుందిరా."

శ్రీను ఆ పూట అన్నం తినకుండా స్నేహితులతో ట్రాక్టరెక్కి పోయాడు. నేను గుమ్మంలోనే చాప వేసుకుని పడుకున్నాను. మేకు నా తలమీదుగా ఉంది. వసారాలో యేసోబు గురక వినిపిస్తూ ఉంటే, ఇన్నాళ్ళూ నేను కాపలా కాసింది బండికి కాదని, దాన్ని నడిపేవాడి నిద్రకని నాకు తెలిసింది. మస్తాన్ ఈ సంగతి ఒక్కరోజూ విడమరిచి చెప్పలేదు. తాళంచెవి తగిలించి ఊరుకున్నాడు. పొద్దున బస్సు వేళకు కదిలింది. పెట్టె అడుగునుంచి తీసిన చీర కట్టుకుని సరోజ ఎక్కుతూ, వెనక్కి తిరిగి మేకు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి నవ్వింది. అత్తగారిని చూసి కోడలు నవ్వడం మా ఇంట్లో అంతకుముందు లేదు.

వారం గడిచింది. నెలా గడిచింది. పార్కువాళ్ళు మా పనులు మాకే ఉంచారు. కిరణ్ ఇంకో రెండు ఊళ్ళలో కూడా బస్సులు పడుకోబెట్టాడు. అక్కడ తాళాలు ఎవరి దగ్గర ఉంచాలని నన్నే అడిగాడు. ఊళ్ళో ఎవరంటే అందరికీ భయమో కనుక్కోమన్నాను. డ్రైవర్ల కొరత తీరిపోయిందని చెప్పను. మిరప కాలంలో ఇప్పటికీ ఏదో ఒక రూటు ఆగుతూనే ఉంటుంది. మా ఊరి బస్సు మాత్రం ఆగలేదు.

మొన్న మాఘంలో మస్తాన్ వచ్చి రెండురోజులున్నాడు. కళ్ళలో నీటికాసులట. ఒక కన్ను ఇంకా బాగానే ఉంది గానీ ఇక స్టీరింగు పట్టొద్దన్నారు. తెల్లవారుజామున వసారాలో కూర్చుని టీ తాగుతున్నాడు. యేసోబు తాళంచెవి కోసం వచ్చాడు. నేను మేకు మీద నుంచి తీసి మస్తాన్ చేతిలో పెట్టాను. అతను దాన్ని బొటనవేలితో కాసేపు తడిమి, యేసోబుకు ఇచ్చాడు. బస్సు దగ్గింది, గొంతు సవరించుకుంది, మోగింది. మస్తాన్ తల ఒకపక్కకు వంచి విన్నాడు.

"బాగా నిద్రపోయిందక్కా," అన్నాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం యేసోబు దిగగానే, తిన్నావా అని ముందు అడుగుతాను. తాళంచెవి తరువాత అందుకుంటాను. పొద్దున ఇంజను చప్పుడు విని, మస్తాన్ మాటను అతనికి బదులు నేనే అంటాను. వసారాలో ఇప్పుడు రాత్రిళ్ళు లైటు వెలుగుతుంది. మా మీటరు మీదే.