‘మరియు ఇతరులు’ అని వేసిన పాపానికి

మొన్న ఆదివారం ఆకివీడు అవతల నేనేం వెలగబెట్టి వచ్చానో వినండి. నేను చెప్పకపోతే మా బావగారు చెప్పేస్తారు. ఆయన నోట విన్నారంటే మీరిక నాతో కూర్చుని టీ తాగరు.

తాడేపల్లిగూడెంలో నాది పెళ్ళి వీడియోల షాపు కదా. పదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి, ఈ వయసులో ఫోన్లో పాఠాలు చూసి మోషన్ గ్రాఫిక్స్ నేర్చుకున్నాను. అంటే తెరమీద అక్షరాలు నడుస్తాయి, తిరుగుతాయి, నీళ్ళలా కరిగిపోతాయి. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోతే ఊరికే కూర్చోలేక ఒక పిచ్చి పట్టుకుంది. హక్కుల గడువు తీరిపోయి ఎవరైనా వాడుకోదగ్గ పాత సినిమాలుంటాయి కదండీ, వాటి టైటిల్స్ తీసేసి కొత్తవి తయారుచేయడం.

ఈసారి పట్టుకున్నది పడవవాళ్ళ కథ. కొంత మన కొల్లేట్లోనే తీశారు. నా టైటిల్స్‌లో ఏం చేశానంటే, నీళ్ళమీద కొంగ ఎగురుతుంది, దాని రెక్క విదిలిస్తే సినిమా పేరు రాలుతుంది. మా ఆవిడకి చూపిస్తే “బాగానే ఉంది, పొయ్యి మీద కూర మాడుతోంది చూడండి” అంది. మా ఇంట్లో అది పెద్ద మెప్పే.

పాత టైటిల్స్‌లో ఆఖరి కార్డు, అంటే పేర్ల పలక, ఒకటుంది. చీమల బారులా పేర్లు, సగం బూజు, సగం గీతలు. చదవబోతే కళ్ళు నొప్పి. పైగా నా కొంగ దిగడానికి చోటు లేదు. మొత్తం ఎత్తేసి, ‘మరియు ఇతరులు’ అని వేసి, పక్కన తామరపువ్వు విచ్చుకునేలా చేశాను. పువ్వు కింద నా పేరు. కొంచెం పెద్దగానే.

ఏలూరులో ఉండే మా బావగారు రిటైరయ్యాక ఆదివారాలు ఊళ్ళు తిరిగి పాత సినిమాలు వేస్తుంటారు. మొన్న కొల్లేటి ఊళ్ళో, చర్చి పక్క హాల్లో, నా టైటిల్స్‌తో ఈ పడవ సినిమా. ఇద్దరం కార్లో వెళ్తున్నాం. ముందు చేపల లారీ, దాని ఐసు నీళ్ళు మా అద్దం మీద.

“మరియమ్మ గారని ఒక పెద్దావిడ వస్తున్నారు బావా,” అన్నారాయన. “ఈ సినిమాలో పడవ నడిపింది వాళ్ళ నాన్న జీవరత్నం గారట.”

“పాపం, నాన్నగారిని చూసుకుంటారన్నమాట.”

“మొహం కనబడదటయ్యా, వీపే. పేరు మాత్రం టైటిల్స్‌లో ఉంటుందట. చిన్నప్పుడు డేరా హాల్లో భుజాన ఎక్కించుకుని చూపించారట ఆయన. తుఫానులో ఇల్లు పోయింది, ఫోటో పోయింది, సమాధి మీద చెక్క సిలువా పోయింది. ఆయన పేరంటూ మిగిలింది ఇదొక్కచోటేట. ఆవిడకి శుక్లాలు. ఇప్పుడు చూడకపోతే ఇంక చూడలేనేమోనని బెంగ.”

“ఏ కార్డులో ఉంటుందటండీ?”

“ఆఖర్న, చాలామందితో కలిపి.”

ఆ చాలామందినీ నేను తామరపువ్వు కింద పూడ్చిపెట్టి వచ్చాను.

“ఏం బావా, మొహం అలా పెట్టావు?”

“లారీ వాసనండీ.”

హాలుకి చేరేసరికి పాస్టరు గారి ప్రార్థన మొదలైంది. పాత టైటిల్స్ ఇంటి కంప్యూటర్లో ఉండిపోయాయి. నెట్ అందడం లేదు. తెర వెనక్కి పోయి లాప్‌టాప్ తెరిచాను. కొంగా నీళ్ళూ పెట్టి కొత్త కార్డు చేద్దామంటే ఎంతసేపు పడుతుందో తెలీదు. సిద్ధంగా ఉన్నది ఒకటే, మూఢం అయ్యాక జరగబోయే పెళ్ళి తాలూకు వీడియో శుభలేఖ కార్డు. పెళ్ళికొడుకు పేరు చెరిపి జీవరత్నం గారి పేరు కొట్టాను. పెళ్ళికూతురి పేరు పీకేశాను. దాన్ని నా ‘మరియు ఇతరులు’ కార్డుకి ముందు అతికించాను. ఆమెన్ అన్నారు. లైట్లు ఆరిపోయాయి.

కొంగ వచ్చినప్పుడు చప్పట్లు కొట్టారండీ. మొదటి వరసలో తెల్లచీర కట్టుకున్న మరియమ్మ గారు ముందుకి వంగి, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చూస్తున్నారు. నేను అతికించిన కార్డు వచ్చింది. సన్నాయి మోగింది. గులాబీ రేకులు కురిశాయి. అటునుంచి ఒక హృదయం, ఇటునుంచి ఒక హృదయం వచ్చి ఢీకొంటే మధ్యలోంచి ‘చిరంజీవి జీవరత్నం’ అని లేచింది. కింద ‘మీ రాక మాకెంతో సంతోషం’.

పేరైతే మార్చాను గానీ, చుట్టూ ఉన్నవి మార్చాలని బుర్రకి తట్టలేదు.

హాలంతా నవ్వు. బావగారు నేల చూపులు చూస్తున్నారు. ఆ వెనకే తామర విచ్చుకుంది, నా పేరు మెరిసింది. అది ఆగి ఆగి మరీ మెరుస్తుంది, నేనే అలా పెట్టాను.

సినిమా ఆపేసి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. “క్షమించండమ్మా, తప్పు నాది” అన్నాను.

“పరవాలేదు బాబూ. మా నాన్న పెళ్ళి చూసే యోగం ఎంతమందికుంటుంది” అన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. తెరవైపు చూస్తూ, “మిగతావాళ్ళేరండీ? పక్కన సుందరం బాబాయి ఉండాలి. అందరూ మా ఊరి పడవలవాళ్ళే. గుంపులో నాన్నని వెతికి పట్టుకునేదాన్ని. ఇక్కడ ఒక్కడే నిలబడ్డాడు” అన్నారు.

సినిమా మళ్ళీ మొదలెట్టాం. పడవ సీను రాకముందే ఆవిడ లేచి వెళ్ళిపోయారు. తిరుగుదారిలో బావగారు రేడియో పెద్దగా పెట్టారు. తిట్టినా బాగుండును.

మర్నాడు పాత టైటిల్స్ లాప్‌టాప్‌లో వేసుకుని, చెరువు గట్ల మీద బండి తోలుకుంటూ వాళ్ళింటికి పోయాను. మబ్బు పట్టి ఉంది. గుమ్మం దగ్గర కూర్చోబెట్టి చూపించాను. ఆఖరి కార్డు దగ్గర ఆపి పెద్దది చేశాను. ఆవిడ ముక్కు తెరకి ఆనేలా వంగి, వేలితో ఒక్కో వరసా తడుముకుంటూ వచ్చి, అడుగున ఒకచోట ఆగారు.

“అదుగో నాన్న. పక్కనే సుందరం బాబాయి.”

వేలు తియ్యలేదు. నేనూ వంగాను. కళ్ళజోడు తీసి చూశాను, పెట్టుకుని చూశాను. ఆ వేలి పక్కన ఒక గీత, చితికిన దోమలాంటి మచ్చ, అంతే.

“కనబడిందా బాబూ?”

“కనబడిందమ్మా. బాగా కనబడుతోంది.”

పాత అక్షరాలు జనం చదవలేకపోతున్నారని జాలిపడి కొత్త అక్షరాలు వేసినవాణ్ణండీ నేను. ఆ శుక్లాల కళ్ళు చదివేస్తుంటే, పక్కన కూర్చుని చదివినట్టు తలాడించి వచ్చాను.