బిజిలి మెల్లగా తిన్న రోజులు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పలేను. మా ఇంట్లో కుళాయి కారితే నా నోట అది నాగార్జున సాగర్ గేట్లెత్తినట్టు వస్తుంది. ఇందులో నేను కల్పించింది ఏదో చివర నేనే చెబుతాను, అందాకా ఓపిక పట్టండి. మొన్న మాడుగులపల్లి దగ్గర నా స్కూటరు ముందు ఎండుగడ్డి ట్రాక్టరు ఒకటి అడ్డంపడింది. మూడంతస్తుల మేడంత గడ్డి. దుమ్ము ముక్కులోకి పోయి వరసగా పదిహేడు తుమ్ములు తుమ్మాను. పద్దెనిమిదోది రాలేదు, దాని బదులు కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ వాసనకు సైదులు మామ గుర్తొచ్చాడు.

సూర్యాపేటలో నాకు టెంట్ హౌస్ ఉండేది. దాని వెనక రేకుల కొట్టంలో సైదులు మామ, ఆయన గుర్రం బిజిలి ఉండేవాళ్లు. నాకు వరసకు మామేం కాదు, వీధి మొత్తానికీ మామే. గొర్రెలు కాసిన కుటుంబం. ఉన్న గొర్రెలన్నీ అమ్మేసి, పెళ్లిళ్లకు కిరాయికి తిప్పే తెల్లగుర్రాన్ని రెండు వేల ఆరులో కొన్నాడు. పెళ్లాంపిల్లలు లేరు, మిర్యాలగూడలో ఒక చెల్లెలు మాత్రం ఉండేది. పేరుకు మెరుపే గానీ, బిజిలి నడకలో మెరుపేమీ లేదు. పెళ్లికొడుకు దిగి నడిస్తే దానికన్నా ముందే మండపం చేరేవాడు. మెరుపంతా దవడల్లోనే. నేను బీడీ అంటించేలోపు మోపెడు గడ్డి మాయమయ్యేది.

వచ్చిన మూడో నెలలోనే అలా మింగి, కడుపు ఉబ్బి పడిపోయింది. పశువుల డాక్టరు ముక్కులోంచి గొట్టం వేసి ఎలాగో బతికించాడు. "గుర్రానికి కక్కొస్తే బాగుండు, గది రాదు. ఇంకోసారి గిట్ల మింగిందంటే నాకు ఫోన్ గూడ చెయ్యకు సైదులూ" అన్నాడు. అప్పటినుంచి మామకు వేరే పని లేదు. సాగర్ పోయి చేపలు పట్టేవాళ్ల దగ్గర పాత వల తెచ్చి, రెండు మడతలేసి, అందులో గడ్డి కూరి దూలానికి కట్టాడు. ఒక్కో కన్నంలోంచి నాలుగేసి పరకలే రావాలని. దాణా తొట్టిలో బత్తాయిలంత గుండ్రాళ్లు వేశాడు, వాటి సందుల్లో శనగలు వెతుక్కుంటుందని. కొన్నాళ్లు బాగానే సాగింది. తర్వాత బిజిలి వలను చింపడం మొదలుపెట్టింది.

"గడ్డి తింటున్నదో వల తింటున్నదో దానికే ఎరుక లేదు మామా" అని నవ్వాను.

"నవ్వుడు కాదు అల్లుడా, జర దాని సెవులు యాడున్నయో సూడు."

చూశాను. నోరు గడ్డిలో, చెవులు వాకిలివైపు. ఎక్కడో బ్యాండు డోలు మోగితే చాలు, దవడలు రెండింతల వేగంతో ఆడేవి. "పాతోళ్లు దీన్ని నోట్ల గడ్డి ఉండంగనే గుంజుకపోయిండ్రు. పెండ్లోళ్లు పిలిస్తె ముందలున్నది ఇడిసి పోవాలె. గందుకే గిట్ల మింగుతది" అన్నాడు మామ.

"మరి దీని కోసం పెండ్లి ఆగుతదా?"

"ఆగకుంటె నడిసిపొమ్మను. పిలగానికి కాళ్లున్నయ్ గద?"

ఆనాటినుంచి బిజిలి తింటుంటే ఎవరొచ్చినా లేపలేదు. దాని ముందు పీట వేసుకుని కూర్చునేవాడు. పెళ్లివాళ్లు తిట్టిపోశారు, ముహూర్తాలు దాటాయి, ఆయన బేరాలతో పాటు నా షామియానా బేరాలూ కొన్ని పోయాయి. ఏడాది దాటాక ఆ చెవులు వాకిలిని వదిలి కిందికి వాలాయి. వల తీసేసినా తొందరపడలేదు. నమిలి నమిలి, మధ్యలో తలెత్తి మామను చూసేది. ఆయన నావైపు తిరిగి "సూసినవా?" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం నా పని మానుకుని వెళ్లి నిలబడేవాణ్ణి.

రెండు వేల పదకొండులో మామకు లివరు చెడిపోయింది. మిర్యాలగూడ దవాఖానలో చేర్చారు. దవాఖానకు పోయేముందు ఒక్కటే చెప్పాడు: "తింటుంటె లేపకు అల్లుడా. ఇంకేం జేసినా నీ ఇష్టం."

వారం తిరక్కుండానే కోదాడలో పెళ్లి. నా టెంట్లతో పాటు, పెళ్లికొడుకు ఎదుర్కోళ్లకు గుర్రం కూడా కావాలన్నారు. బిజిలిని డీసీఎం వ్యానులో ఎక్కించుకుని పోయాను. ఫంక్షన్ హాలు వెనక గడ్డి వేస్తే సగం తిన్నది. అంతలో పెళ్లికొడుకు బాబాయి వచ్చి నా నెత్తిన నిలబడ్డాడు.

"ఏవయ్యా, మీ గుర్రం టిఫిన్ అయ్యేదాకా మావాణ్ణి ఎండలో నిలబెట్టాలా?"

"ఐదు నిమిషాలు సార్."

"అయితే నీ టెంట్లు కూడా పీక్కుని పో!"

పగ్గం పట్టి లాగాను. మూతికి గడ్డి వేలాడుతుండగానే వచ్చింది, పెనుగులాడలేదు. ఎదుర్కోళ్లయ్యాక, చేసిన తప్పుకు పరిహారంగా మోపుకు మోపే దాని ముందు పడేసి భోజనానికి పోయాను. తిరిగొచ్చేసరికి ఒక్క పరక లేదు. దారిలోనే కడుపును కాళ్లతో తన్నుకోవడం మొదలుపెట్టింది. ఫోన్ చెయ్యొద్దన్న డాక్టరు ఫోన్ చేయగానే వచ్చాడు. పొద్దుగూకేసరికి అంతా అయిపోయింది.

మర్నాడు మామకు చెప్పేద్దామనే బస్సెక్కాను. ఆయన చెల్లెలు వరండాలోనే ఆపింది. "డాక్టర్లు సేతులెత్తేసిండ్రు కొడుకా. వారం గూడ కష్టమేనట." మంచం మీద మనిషి సగమయ్యాడు. నన్ను చూడగానే అడిగాడు.

"తింటున్నదా?"

"తింటున్నది మామా."

"మెల్లగనేనా?"

నా నోరు నా చేతిలో లేదు. "ఎంత మెల్లగంటె, పొద్దుగాల నోట్ల వెట్టిన పరక పగటీలికి గొంతు దిగుతున్నది."

ఆయన పెదవులు నవ్వడానికి కదిలాయి. ఆ కదలిక కోసం రోజూ పోయాను. రెండో రోజు బిజిలి చెవిలో పిచ్చుక గూడు కట్టింది. మూడో రోజు గుడ్లు పెట్టింది. నాలుగో రోజు పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయాయి, బిజిలి ఇంకా అదే మోపు మీద ఉంది. పక్క మంచాలవాళ్లు కూడా తలలు తిప్పి వినేవారు. బయటికొచ్చి బస్టాండులో గోడవైపు తిరిగి ఏడ్చేవాణ్ణి, ఇది మాత్రం పెంచి చెప్పడం కాదు. ఆరో రోజు మామ అంతా నమ్మి, నవ్వుతూ నిద్రపోయాడు. ఏడో రోజు నేను పోయేసరికి మంచం ఖాళీ.

పెంచి చెప్పే జబ్బు నాకు ఆ మంచం పక్కనే ముదిరింది. ఇంకొకటి కూడా అక్కణ్ణుంచే తెచ్చుకున్నాను. కంచం ముందున్న మనిషిని నేను లేపను. గ్యాస్ బండివాడు వచ్చి గొంతు చించుకున్నా, చుట్టాల బస్సు కదిలిపోతున్నా సరే. మా ఆవిడ దీన్ని బద్ధకం అంటుంది.

ఇక మాట ప్రకారం, కల్పన ఏదో చెప్పాలి. పిచ్చుకల సంగతి మీరే పట్టుకుని ఉంటారు. నేను అసలు కల్పించింది ఆరో రోజును. మామ నమ్మలేదు, నవ్వుతూ నిద్రపోనూ లేదు. నేను కథ ఎత్తుకోగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"యాడ పూడ్చినవ్ అల్లుడా?"

"మా చెలక గట్టు కింద."

"తింటుంటె లేపినవా?"

"లేపిన మామా."

కళ్లు మూసుకున్నాడు. "మొదటి దినమే నీ మొఖం జూస్తె ఎరుకైంది."

"మరి గిన్ని దినాలు ఎందుకు ఇన్నవ్?"

"నువ్వు సెప్తుంటె, అది తింటున్నట్టే ఉండె."