బుక్కరాయసముద్రంలో ముందు గది

మా ఇల్లు మేము మనిషితో సహా కొన్నాం. ఆ మనిషిని ఇంట్లోంచి పంపించింది నేను. ఎలా పంపించానో నా భర్తకు తప్ప ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

పెళ్ళయిన ఆరేళ్ళలో అనంతపురంలో నాలుగు అద్దె ఇళ్ళు మారాం. ఆయన ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమాస్తా, నేను ఒక చిన్న బడిలో మూడో తరగతి టీచర్ని. చివరిగా ఉన్న ఇంట్లో నీళ్ళొచ్చే రోజు ఇంటావిడ కొళాయి పక్కన స్టూలేసుకుని కూర్చుని మేము ఎన్ని బిందెలు పడుతున్నామో చూసేది. మా అమ్మ వచ్చి మూడు రోజులుంటే, ముసలామె ఎప్పుడు పోతుందని నా ఎదుటే అడిగింది. ఆ రోజు నుంచి నాకు సొంత ఇల్లు తప్ప వేరే ఆలోచన లేదు. టౌన్లో కొనే శక్తి మాకు లేదు. చెరువుకట్ట దాటితే బుక్కరాయసముద్రంలో కొత్త కాలనీ లేస్తోందని, బస్సెక్కితే పావుగంటలో టవర్‌క్లాక్ దగ్గర దిగొచ్చని కాలేజీలో ఎవరో చెప్పారు. ఆదివారాలు ఇద్దరం వెళ్ళి ఇళ్ళు చూసేవాళ్ళం. ఆ ఏడు కూడా వానల్లేవు. అంత పెద్ద చెరువూ పగిలిన మట్టితో, ముళ్ళ కంపలతో ఉండేది.

మాకు దొరికింది బండల మిద్దె. వెనక రెండు గదులు, వంటిల్లు, పెరట్లో కొళాయి. ముందు వైపు వీధిలోకి తలుపున్న చిన్న గది. ఆ గదిని చూడగానే నేను నిర్ణయించుకున్నాను. బడి నుంచి వచ్చాక సాయంత్రాలు అందులో ట్యూషన్ చెప్పుకోవచ్చు, గోడకు నల్లబల్ల కొట్టించుకోవచ్చు. గదిలో కుట్టుమిషన్ ఉంది, మనిషి లేదు. ఎవరిదని అడిగితే బ్రోకరు తేలిగ్గా చెప్పాడు. ఓనరు చెల్లెలు ఉంటుందట, రిజిస్ట్రేషన్ అయిన నెలలోపు ఖాళీ చేస్తుందట. మిగతా ఇళ్ళకన్నా ఇది ఎందుకు చౌకగా వస్తోందో మాకు అప్పుడే అర్థమై ఉండాలి. అర్థమైంది కూడా. అడగలేదు, అంతే.

ఓనరు బెంగుళూరులో సెంట్రింగ్ మేస్త్రీ. వాళ్ళ నాయన ఉరవకొండ పక్క చేను అమ్మి ఈ ఇల్లు కట్టించాడట. కాగితాలు మాత్రం కొడుకు పేరు మీదే. మొగుడు వదిలేసిన కూతురికి ముందు గది అని నోటిమాటగా చెప్పి పోయాడట ఆ పెద్దాయన. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలయ్యాక ఓనరు అటునుంచి అటే బెంగుళూరు బస్సెక్కాడు.

మేము సామాను టెంపోలో వేసుకుని వచ్చేసరికి ఆమె గుమ్మంలో కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. నాకన్నా ఏడాదో రెండేళ్ళో చిన్నది. సన్నగా, నల్లగా, మెడలో టేపు వేసుకుని ఉంది. మమ్మల్ని చూసి లేచి వచ్చి, అడగకుండానే గ్యాసు స్టవ్ దించుకుంది.

"అద్దెకొచ్చినారా అక్కా?" అంది.

నేను ఆయన వంక చూశాను. ఆయన తాడు విప్పుతున్నట్టు తల వంచుకున్నాడు.

"కొన్నాం. మీ అన్న మొన్న రిజిస్ట్రేషన్ చేసినాడు," అన్నాను.

ఆమె స్టవ్‌ను వంటింట్లో గట్టు మీద పెట్టి, కొంగుతో దాని మీది దుమ్ము తుడిచి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నెల దాటింది, రెండు నెలలైంది. ఆమె కదల్లేదు. ఒకసారి అడిగాను. "నాకు యాడికి పోవాలో తెల్దక్కా. మా నాయన ఈ గది నాదే అని చెప్పినాడు. మీకు బాడుగ ఇస్తా," అంది. బాడుగ నాకు అక్కర్లేదు, గది కావాలి. ఆయన మాత్రం ఉండనీలే, ఒక్క గది కోసం ఎందుకు అనేవాడు. ఇన్నాళ్ళూ ఇంకొకరి ఇంట్లో నోరు మూసుకుని బతికాను, ఇప్పుడు నా ఇంట్లో కూడా అలాగే ఉండాలా అని ఆయన మీద అరిచాను.

మొదట పెరటి కొళాయికి తాళం వేశాను. మా పేటలో రోజు విడిచి రోజు గంటసేపు నీళ్ళొచ్చేవి. ఆమె ఏమీ అనకుండా బిందె తీసుకుని వీధి చివర బోరింగు దగ్గర నిలబడడం మొదలుపెట్టింది. తర్వాత ఆ గదికి పోయే కరెంటు తీగ పీకించాను. ఆమె మిషన్‌ను గుమ్మంలోకి లాగి పగటి వెలుతురులో కుట్టుకుంది. దాంతో ఇంకా ఎక్కువమందికి కనబడింది, పని ఇంకా పెరిగింది. కాలనీలో ఆడవాళ్ళందరి జాకెట్లూ ఆమే కుట్టేది. ఎవరైనా నన్ను చూస్తే, ఆ ఒంటరి ఆడదానికి నీళ్ళు కూడా ఆపిందట అన్నట్టు చూసేవాళ్ళు. ఆమెను కాలనీయే నిలబెడుతోందని నాకు తెలిసింది. అక్కడే దెబ్బ కొట్టాలని ఆలోచించాను. కోపంలో నోరు జారి అన్న మాట కాదు నేను అన్నది. రెండు రోజులు బస్సులో వస్తూ పోతూ, ఎవరితో అనాలి, ఎంత అనాలి అని కూర్చుకున్న మాట.

మా ఎదురింటి ఆమెకు కిరాణా అంగడి ఉంది. ఆమె చెవిన పడితే చాలు. ఒక సాయంత్రం చక్కెర కొనడానికి వెళ్ళి, డబ్బులిస్తూ, గొంతు తగ్గించి చెప్పాను. "ఆయమ్మి గదికి ఎవరో వచ్చిపోతాంటారక్కా. తలుపు చప్పుడైతాంటాది. మనకెందుకులే." అంతే. పేరు చెప్పలేదు. ఎవరైనా అడిగితే నేను చూడలేదని చెప్పడానికి వీలుగా ఉంచుకున్నాను.

పది రోజులు పట్టింది. ముందు ఒకామె కత్తిరించని గుడ్డ వెనక్కి తీసుకుపోయింది, కూతురి పెళ్ళి ఆగిపోయిందని చెప్పి. ఆ పెళ్ళి ఆగలేదు. తర్వాత ఇంకొకామె, ఇంకొకామె. బోరింగు దగ్గర ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. పండక్కి ముందు గుడ్డలు గుట్టలుగా ఉండాల్సిన గుమ్మంలో ఆమె ఒక్కతే ఖాళీ మిషన్ ముందు కూర్చుని, తన పాత చీరకే అంచు కుట్టుకుంటూ కనిపించింది. ఒకరోజు నేను బడి నుంచి వస్తుంటే ఆపింది.

"అక్కా, నన్ను గురించి ఏమన్నా అనుకుంటాండారా? నీకేమన్నా తెల్సా?"

ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ కాలనీలో ఈ మాట అడగడానికి ఆమెకు నేను తప్ప మనిషి లేదు. "నాకేం తెల్సు. పొద్దస్తమానం బడిలో ఉంటాను," అన్నాను. లోపలికి వచ్చి కాఫీ పెట్టుకున్నాను. ఇంకో నెలలో నల్లబల్ల కొట్టించుకోవచ్చు అనుకున్నాను.

తర్వాతి ఆదివారం అంగడి ఆమె మా ఇంటికి వచ్చింది. చాలాసేపు వానల గురించి, వేరుశనగ కాయల ధర గురించి మాట్లాడింది. వెళ్ళే ముందు నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మంచిదానివి కాబట్టి ఓర్చుకుంటాండావు. మీ ఆయప్పను మాత్రం అట్ల ఇడిసిపెట్టద్దు. ఆయమ్మి గడప ముందర తెల్లారకముందే నీళ్ళ బిందె పెడతాంటే మేమంతా చూసినాం."

ఒక్క నిమిషం నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నేను తాళం వేసిన కొళాయి నుంచి ఆయన, నేను లేవకముందే, ఒక బిందె పట్టి ఆమె గుమ్మంలో పెట్టి వస్తున్నాడు. నెలల తరబడి. నేను పేరు లేకుండా వదిలిన మాటలో కాలనీ ఆయన పేరు పెట్టుకుంది. ఆ ప్రాంగణంలో ఉన్న మగవాడు ఆయనొక్కడే కదా.

ఆయన అలాంటివాడు కాదని నాకు తెలుసు. పక్కింటి ఆడపిల్లలతో కూడా తల ఎత్తి మాట్లాడడు. కానీ అది అబద్ధమని నేను చెప్పాలంటే, మొదటి మాట ఎవరిదో కూడా చెప్పాలి. అంగడి ఆమె నా ముఖంలోకి చూస్తోంది. నేను కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. కన్నీళ్ళు రాలేదు, అయినా ఒత్తుకున్నాను. ఆమె నా భుజం తట్టి వెళ్ళిపోయింది. ఇప్పుడిక ఆ మనిషి ఎన్నాళ్ళో ఉండదు అని నా మనసులో ఒక మూల అనుకోవడం నాకు స్పష్టంగా గుర్తుంది.

కాలనీ మగవాళ్ళు నలుగురు కలిసి బెంగుళూరుకు ఫోన్ చేశారు. నాలుగో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె అన్న దిగాడు. ఇల్లు అమ్మినప్పుడు చెల్లెలికి ఒక మాట చెప్పని మనిషి, ఇప్పుడు పరువు పోయిందని వీధిలోనే మొదలుపెట్టాడు. జుట్టు పట్టుకుని ఆమెను గుమ్మంలోంచి బయటికి లాగాడు. చెప్పు తీసి కొట్టాడు. ఆమె అరవలేదు. మొదటి దెబ్బకు "ఎవరన్నా చెప్పండన్నా" అని ఒక్కసారి అంది, ఎవరితో అందో తెలియదు. చుట్టూ ముప్పై మంది ఉన్నాం. ఆమె కుట్టిన జాకెట్లు వేసుకుని నిలబడ్డ వాళ్ళే చాలామంది.

కాలేజీ నుంచి ఆయన అప్పుడే బస్సు దిగి వచ్చాడు. టిఫిన్ క్యారియర్ కింద పెట్టి మధ్యలోకి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇడువప్పా. ఏం చేసిందని కొడతాండావు?"

"ఓహో. నువ్వే అడ్డమొస్తాండావా? అయితే వీళ్ళు చెప్పింది నిజమే," అన్నాడు అన్న.

ఎవరో నవ్వారు. ఆయనకు మొదట అర్థం కాలేదు. చుట్టూ ముఖాలు చూశాడు. అర్థమయ్యాక ఆయన ముఖం నేను అంతకుముందు ఎన్నడూ చూడనట్టు అయిపోయింది. నా వైపు తిరిగాడు. నేను మా గుమ్మం మెట్టు మీద ఉన్నాను. ఆయన కోపంగా చూడలేదు, బతిమాలుతున్నట్టు చూశాడు. భార్య ఒక్క మాట అంటే చాలు. ఆ వీధిలో ఆ మాట అనగలిగింది నేనొక్కతినే. ఆమె కూడా కింద నుంచి నా వంకే చూస్తోంది. వాళ్ళిద్దరూ ఎంతసేపు చూశారో తెలియదు. నేను లోపలికి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రమే అన్న ఆమెను ఉరవకొండ బస్సెక్కించాడు, అక్కడ వాళ్ళ మేనత్త ఉందట. కుట్టుమిషన్ బస్సులో పట్టదని అంగడి వాళ్ళకు అమ్మేసి ఆ డబ్బు జేబులో వేసుకున్నాడు. ఆమె ఒక గుడ్డసంచితో పోయింది.

ఆ రోజు అన్నం పెడుతుంటే ఆయన కంచం ముందు కూర్చుని, "నువ్వేనా?" అన్నాడు. నేను కూర గిన్నె అందుకుని వడ్డించాను. ఆయన మళ్ళీ అడగలేదు. చెయ్యి కడుక్కుని లేచాడు.

మా పెళ్ళి విడిపోలేదు. ఆయన జీతం తెచ్చి ఇస్తాడు, జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకుపోతాడు. మాట్లాడాల్సినంత మాట్లాడతాడు. కానీ అప్పటినుంచి ఉదయం మొదటి బస్సుకు పోయి చివరి బస్సుకు వస్తాడు, కాలనీలో ఎవరితోనూ నిలబడడు. తప్పు చేసినవాడు కాబట్టి తల దించుకుని తిరుగుతున్నాడని జనం అనుకున్నారు. భర్తను క్షమించిన ఇల్లాలిగా నాకు మంచి పేరొచ్చింది. ట్యూషన్‌కు ముందు గది నిండా పిల్లలొచ్చారు. ఆ పిల్లల తల్లులు నన్ను ఎంతో గౌరవంగా చూసేవాళ్ళు. పిల్లలు మాకు కలగలేదు. అందుకు దారి కూడా మా మధ్య మిగల్లేదు.

ఏడెనిమిదేళ్ళ తర్వాత మా బడిలో ఒక టీచరు పెళ్ళికి ఉరవకొండ వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో వేరుశనగ మిల్లు నుంచి పని దిగిన ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు. జుట్టు మీద, రెప్పల మీద కాయల పొట్టు దుమ్ము. అందులోంచి ఒకామె నా ముందుకు వచ్చి నిలబడింది. పళ్ళు రెండు లేవు. గొంతు విని గుర్తుపట్టాను.

"బాగుండావా అక్కా?" అంది.

బాగున్నానన్నాను. మిషన్ మళ్ళీ కొనలేకపోయానని, మిల్లులో పప్పు ఏరే పని దొరికిందని చెప్పింది. మేనత్త పోయిందట. ఒంటరిగా ఉంటోందట. నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది. బస్సు రాలేదు. ఆమె రెప్పల మీది దుమ్ము తుడుచుకుని అంది.

"నాకు నీళ్ళు పోసిన పాపానికి మీ ఆయప్పకు మాట వచ్చె. మీ సంసారంలో నేను నిప్పు పెట్టినట్లాయె. ఆయప్ప ఎట్లాంటోడో నాకు తెల్సు, నీకూ తెల్సు. అయినా నువ్వు ఎంత నలిగిపోయింటావో అని అప్పుడప్పుడు అనుకుంటాంటా. మనసులో పెట్టుకోవద్దక్కా."

చెప్పేయడానికి అది సమయం. చుట్టూ మమ్మల్ని తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. పోయేది ఏమీ లేదు. నేను ఆమె ముఖంలోకి చూసి, "పోనీలే. అయిపోయింది కదా," అన్నాను.

ఆమె ముఖం తేలికపడింది. అంతలో అనంతపురం బస్సు వచ్చింది, జనం తోసుకుంటున్నారు. ఆమె ఆ గుంపులో దూరి, తన తలగుడ్డ తీసి కిటికీలోంచి సీటు మీద వేసి, అది మా అక్కది అని అందరికీ గట్టిగా చెప్పింది. నేను ఎక్కి కూర్చుని గుడ్డ తిరిగి ఇచ్చాను. బస్సు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడి, ఇంటి ముందు వేపమొక్క ఒకటి పెట్టినాను, బతికిందా అని అడిగింది. నల్లబల్లకు వెలుతురు అడ్డమని దాన్ని మొదటి ఏడే కొట్టించాను. బాగా పెరిగిందని చెప్పాను.

ఇంటికి వచ్చేసరికి ఆయన అన్నం తిని పడుకుని ఉన్నాడు. ఆమె కనబడిందని చెప్పలేదు.