దారిన పరిచిన గుల్లలు

పడవ ఒడ్డుకు చేరకముందే వెర్డెల్‌కి ఆ చప్పుడు వినిపించింది. కరకర, కరకర. కారు చక్రాల కింద ఆల్చిప్పల గుల్లలు నలుగుతున్న చప్పుడు. ఆ దీవిలో పుట్టినవాళ్ళెవరూ దాన్ని ఇంకేదో అనుకుని పొరబడరు.

తెల్లారేసరికి పోటు తగ్గి నీరు తీసింది. ఆమె ఒక్కతే పడవేసుకుని ఉప్పుటేరులోకి పోయి, డిసెంబరు చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా దంతెతో గీకి, గోనెసంచుల్లో ఆల్చిప్పలు నింపుకొచ్చింది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా పెరట్లో ఆల్చిప్పల కాల్పు, విందు. చుట్టాలు, చర్చివాళ్ళు, తమ్ముడు క్లిఫ్టన్ సవానా పట్నం నుంచి పిలిచిన స్నేహితులు, అందరూ వస్తారు. ఎనాక్ పోయాక ఇదే మొదటి కాల్పు. మొగుడు పోగానే ఆ పెరట్లో నిప్పు కూడా ఆరిపోయిందని ఎవరితోనూ అనిపించుకోదలుచుకోలేదు వెర్డెల్.

సంచి ఈడ్చుకుంటూ పైకి వచ్చి చూస్తే ఏముంది? కంచె పక్కన ఉండాల్సిన గుల్లల గుట్ట మాయం. రోడ్డు దగ్గర్నుంచి ఇంటి మెట్ల దాకా దారంతా తెల్లగా పరిచేసి ఉంది. దాని మీద క్లిఫ్టన్ కారు. పక్కనే పార పట్టుకుని క్లిఫ్టన్, ముఖం వెలిగిపోతూ.

"ఎలా ఉందక్కా? ఇక ఎంత వానొచ్చినా బురదే ఉండదు. నీ చుట్టాల బూట్లు కూడా బతికిపోతాయి."

"ఎవరు ముట్టుకోమన్నార్రా దాన్ని?"

"అబ్బ, మొదలెట్టావా! నడుము విరిగేలా పనిచేస్తే ఒక మంచి మాట లేదు."

వెర్డెల్ నోరు తెరిచింది. అంతలో చర్చివాళ్ళ వ్యాను మలుపు తిరిగి, ఆ గుల్లల మీదుగానే కరకరలాడిస్తూ లోపలికొచ్చింది. తెరిచిన నోరు మూసుకోవాల్సి వచ్చింది. అది ఆమెకి బాగా అలవాటైన పనే. ముప్ఫై ఏళ్ళు పక్క దీవిలో, గోల్ఫ్ ఆడేవాళ్ళ హోటల్లో పక్కదుప్పట్లు మారుస్తూ నోరు మూసుకుని బతికింది. వెర్డెల్‌ది గయ్యాళి నోరని దీవంతా అంటారు. అననీ! పగలంతా బిగబట్టిన నోరు ఇంటికొచ్చాకైనా తెరుచుకోవద్దూ?

ఆ గుట్ట సంగతి చెప్పాలి. దీవిలో సగం ఇళ్ళకి దారిలో గుల్లలు పరిచే ఉంటాయి, నిజమే. కానీ ఎనాక్ ఇంట్లో ఆ ఆచారం లేదు. ఏరు మనకి పెట్టింది తింటాం, గుల్ల ఏటికే తిరిగిచ్చెయ్యాలి, అంతే. చలికాలమంతా తిన్న గుల్లలు ఎండలో గుట్టగా పోసి ఉంచేవాడు. వేసవి ముదరకముందే వాటిని పడవలో తీసుకుపోయి పెరటి చివర ఏట్లో పరిచేవాడు. నీళ్ళలో తేలే ఆల్చిప్ప పిల్లలకి అంటుకోవడానికి గట్టి గుల్ల కావాలి. అది దొరక్కపోతే బురదలో కూరుకుపోయి చస్తాయి. వెర్డెల్ పెళ్ళయి వచ్చిన కొత్తలో అక్కడ ఉన్నదంతా ఉత్త రొంపి. ఇద్దరూ ఏడాది తర్వాత ఏడాది గుల్లలు వేసి వేసి, పిల్లల్ని సాకినట్టు సాకి, అక్కడొక దిబ్బ లేపారు. ఆ దిబ్బే వాళ్ళని చలికాలాల్లో మేపింది.

పోయిన వసంతంలో ఎనాక్ మంచం పట్టాడు. చూడటానికొచ్చిన బావమరిది చెయ్యి పట్టుకుని, ఊపిరాడక ఎగశ్వాస తీస్తూనే అడిగాడు. "గుల్లలు పరిచెయ్ రా క్లిఫ్టన్. మే నెల దాటనివ్వకు."

"నేను చూసుకుంటా బావా," అన్నాడు క్లిఫ్టన్. మళ్ళీ వస్తే ఒట్టు. వెర్డెల్‌కి మంచం పక్కనుంచి కదిలే వీల్లేకపోయింది. జూన్‌లో ఎనాక్ పోయాడు. వేసవి దాటిపోయింది. ఈ పొద్దున దిబ్బ మీద దంతె వేస్తే చాలాచోట్ల బురదే తగిలింది. ఇదివరకు ఒక్కచోట నిలబడి సంచి నింపేది, ఇవాళ ఒడ్డంతా తిరగాల్సి వచ్చింది. వచ్చే ఏడాది ఆ గుట్ట మొత్తం తానే మోసుకెళ్ళి వేస్తే దిబ్బ కోలుకుంటుందనుకుంది. ఇప్పుడది చక్రాల కింద పిండవుతోంది. పిండైన గుల్ల దేనికీ పనికిరాదు.

అయినా వెర్డెల్ పెరట్లో మంట వేసింది. ఇటుకల మీద ఇనపరేకు, రేకు మీద ఆల్చిప్పలు, వాటి మీద తడి గోనె. ఆవిరి లేచి చిప్పలు నోళ్ళు తెరవగానే పారతో ఎత్తి బల్ల మీద కుమ్మరించింది. జనం చిప్పలు విప్పుకునే కత్తులు తీసుకుని మీద పడ్డారు. బల్ల మధ్య బొక్కలోంచి గుల్లలు కింది పీపాలో దబదబా పడుతున్నాయి.

"అంత గట్టిగా కుమ్మరించకే, బల్ల విరుగుద్ది," అంది ఎనాక్ అక్క యులాలీ, టమాటాలతో వండిన ఎర్రన్నం వడ్డిస్తూ. "ఎవరి మీద కోపం ఆ పార మీద?"

"ఎవరి మీదో వాడికి తెలుసు వదినా."

వాడికి తెలిస్తే కదా! క్లిఫ్టన్ సవానా స్నేహితుల మధ్య నిలబడి, నోట్లో ఆల్చిప్ప మాంసం పెట్టుకుని, దారి వైపు చెయ్యి చూపించాడు. "అది నేనే వేశా. మా బావ పోయేముందు నా చెయ్యి పట్టుకుని మరీ అడిగాడు, గుల్లలు పరచమని. ఆయన మాట నిలబెట్టా."

వెర్డెల్ పార రేకు మీద విసిరికొట్టింది. ఆ మోతకి కత్తులన్నీ ఆగిపోయాయి.

"ఏమన్నావురా? మళ్ళీ అను!"

"అబద్ధమా? పరచమనలేదా బావ?"

"నీ కారుకి పరచమన్నాడా? చచ్చేవాడు నీ టైర్ల గురించి బెంగపెట్టుకున్నాడా? మే నెల దాటొద్దన్నాడు! దారికి మే నెలేంటి, డిసెంబరేంటి? ఈ ఏటి ఒడ్డున పుట్టి పెరిగినోడివి, నీకు తెలీదూ?"

"జనం ముందు ఏంటక్కా ఇది..."

"జనం ముందు గొప్పలు చెప్పింది నువ్వు!"

ఇంకా కాల్చని సంచులు మంట పక్కన ఉన్నాయి. వెర్డెల్ ఒకటి లాగి భుజాన వేసుకుని ఏటివైపు నడిచింది. "అయిపోయింది. మిగిలినవి వాటి ఇంటికి పోతున్నాయి."

"ఇంటికేంటి? వాళ్ళు తినడం ఇంకా అవనేలేదు!" క్లిఫ్టన్ పరిగెత్తుకొచ్చి సంచి పట్టుకున్నాడు. "గుల్లలకి ఇంత రాద్ధాంతమా? చెప్తే ఇంకో లోడు కొనిస్తా కదా!"

"మేలో ఎందుకు రాలేదు?"

యులాలీ కూడా గరిటె పట్టుకుని అతన్నే చూస్తోంది.

"మర్చిపోయా," అన్నాడు క్లిఫ్టన్. "తర్వాత గుర్తొచ్చింది. అప్పటికే బావ పోయాడు. నీకు ముఖం చూపించలేకపోయా. ఇవాళ గుట్ట కనపడితే... ఏదో ఒకటి చేసేస్తే చేసినట్టుంటుందనుకున్నా."

వెర్డెల్ సంచి వదిలేసింది. బరువంతా అతని చేతుల్లో పడింది. "పో. చెయ్యి మరి."

పొద్దు వాలింది, ఏట్లో నీరు మళ్ళీ తీసింది. క్లిఫ్టన్ కొత్త బూట్లతోనే దిబ్బ వైపు దిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో మోకాళ్ళ పైదాకా దిగబడిపోయాడు. సంచి నోరు విప్పి ఆల్చిప్పలు అక్కడే ఒలకబోశాడు. కాలు లాగబోతే రాలేదు.

"అక్కా! ఇరుక్కుపోయా! ఓ చెక్కపలకైనా వెయ్యి!"

ఆ పక్కనే నేల గట్టిగా ఉందని ఆమెకి తెలుసు. చెప్పలేదు.

"ఉండు అక్కడే! కిటికీ పక్కకి మంచం జరిపించుకున్నాడ్రా ఆయన. ఈ ఒడ్డు కనపడాలని. ఏ పడవ చప్పుడైనా సరే, క్లిఫ్టన్ వచ్చాడా అనేవాడు. మే అంతా అడిగాడు. నేను రోజూ ఏమని అబద్ధం చెప్పానో తెలుసా? నువ్వు వచ్చావని, వేస్తున్నావని. కళ్ళు మసకలయ్యాక నమ్మాడు కూడా."

క్లిఫ్టన్ ఇక పలక అడగలేదు. నడుము వంచి రెండు చేతులూ బురదలోకి పెట్టి, గుంపుగా పడ్డ ఆల్చిప్పల్ని విడదీయడం మొదలుపెట్టాడు.

వెర్డెల్ ఒడ్డు చివరిదాకా వచ్చింది.

"అలా కాదు, పలచగా పరుచు," అని అరిచింది. "కుప్పగా ఉంటే కిందవి చస్తాయి."