బొట్టు పెట్టిన దిమ్మ

బస్సుకు భక్తి ఉండదు. నాలుగో తరగతితో చదువు ఎగ్గొట్టి నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. దాని కిందకు దూరేముందు కొబ్బరికాయ కొట్టండి, చక్రంతో నిమ్మకాయ తొక్కించండి, ముందు అద్దానికి మిరపకాయల దండ వెయ్యండి. వద్దనను. కానీ మీ పూజ అయ్యాక కూడా దాని బరువు దానికి అంతే ఉంటుంది. కింద ఉన్న దిమ్మ గట్టిదైతే నిలబడుతుంది, బోలుదైతే కూలుతుంది. కూలేటప్పుడు కింద పడుకున్నవాడు భక్తుడా నాలాంటి వెధవా అని ఆరా తియ్యదు.

ఇంత చిన్న సంగతి మా సావుకారుకు చచ్చేదాకా తలకెక్కలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఆ మాట అనేవాళ్ళ వేళ్ళు లెక్కకు సరిగ్గా ఉండి ఉంటాయి.

అది ఎనభై ఎనిమిది వానాకాలం. ఇప్పుడు యాంగోన్ అంటున్నారు గానీ మాకు అది రంగూనే. రంగూను రంగూనంతా వీధిలో ఉంది. విద్యార్థులు, సన్యాసులు, ఆఫీసు గుమాస్తాలు, చేపలమ్మే ఆడవాళ్ళు ఒకే ఊరేగింపులో నడుస్తున్నారు. రైళ్ళు ఆగిపోయాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి, పోలీసులు కనబడటం మానేశారు. ప్రతి వీధి మొగలో వెదురు కంచె, అడ్డంగా దుంగలు, వాటి వెనక కత్తులూ ఈటెలూ పట్టుకుని ఆ వీధివాళ్ళే కాపలా.

అంతకుముందు పాతికేళ్ళుగా దేశానికి లోపలి నుంచి గడియ వేసి ఉంది. బయటి సరుకు దొంగదారిన వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. పానా విరిగితే ఇంకో పానా దొరకదు. జాకీ అంటే తెల్లదొరలు వదిలేసి పోయిన జాకీ. లారీలను ఎత్తి నిలబెట్టడానికి బయటి దేశాల్లో ఇనప స్టాండ్లు ఉంటాయని ఓడల మీద పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన చెబితే, రంభా ఊర్వశుల గురించి విన్నట్టు నోళ్ళు తెరుచుకుని విన్నాం.

సావుకారుకు రంగూను లమ్మడా పేటలో టోకు బట్టల కొట్టు. తాతల నాడు విశాఖపట్నం నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. పగోడా తిరునాళ్ళలో సరుకు అమ్ముకోవడానికని యుద్ధం నాటి మిలటరీ లారీ ఛాసీ ఒకటి కొని, దాని మీద టేకు చెక్కతో ఏకంగా ఇల్లు కట్టించాడు. లోపల మంచాలు, పొయ్యి గట్టు, నీళ్ళ డ్రమ్ము, అమ్మవారి పటానికి గూడు. వెనక తలుపుకు గుమ్మం, ఆ గుమ్మానికి పసుపు. అందరూ ఇల్లుబస్సు అనేవాళ్ళు. నేను అత్తారిల్లు అనేవాణ్ణి. లోపలికెళితే మర్యాద, కిందకెళితే ప్రాణభయం.

గొడవలు ముదిరేసరికి సావుకారుకు ఇల్లాలినీ కోడళ్ళనూ సరుకునూ ఆ బస్సులో వేసుకుని మాండలే వైపు జారుకోవాలనిపించింది. కానీ వెనక కుడివైపు బరువు మోసే కమాను కట్ట విరిగి బస్సు పక్షవాతం వచ్చిన మనిషిలా ఒరిగిపోయి ఉంది. అందుకని మా బావకు కబురొచ్చింది. బావ అంటే అక్క మొగుడు. ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో పనివాడు. సమ్మెలో వర్క్‌షాపు మూతబడింది, ఇంట్లో ముగ్గురు పిల్లలు, అక్క ఇల్లు నడిచేది ఆయన రెండు చేతుల మీదే. ఆయన కిందకు దూరతాడు, నేను పైనుండి అందిస్తాను. నోరు నాది, పని ఆయనది.

బావ పని పద్ధతి ఒకటుండేది. జాకీ ఎత్తడానికే, మొయ్యడానికి కాదు. ఎత్తాక ఛాసీ కింద దిమ్మలు పేర్చాలి. అడ్డం రెండు, నిలువు రెండు, మళ్ళీ అడ్డం రెండు. నేల మెత్తగా ఉంటే అడుగున వెడల్పు పలక. మిగిలిన చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు. విప్పిన చక్రాన్ని కూడా గోడకు చేరెయ్యకుండా బస్సు కిందే పడుకోబెట్టాలి, దిమ్మ మోసం చేస్తే ఆఖరి దిక్కు అదే. అప్పుడు బస్సును దిమ్మ మీదకు దించి, భుజంతో ఒకసారి నెట్టి, కాలితో దిమ్మను గట్టిగా తన్నాలి. దిమ్మ కదలకపోతే గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని లోపలికి జరగాలి. ఆ గోనెకు కట్టిన తాడు కొస బయట కూర్చున్నవాడి చేతిలో ఉండాలి. భోజనానికి లేచి మళ్ళీ వస్తే మళ్ళీ నెట్టాలి, మళ్ళీ తన్నాలి.

దిమ్మల కోసం ఇన్సేన్ నుంచి పాత స్లీపరు కర్రలు తెచ్చుకున్నాం. పింగడో కర్ర, నీళ్ళలో వేస్తే రాయిలా మునుగుతుంది. రైళ్ళు మోసిన కర్ర ఇల్లుబస్సును చూసి నవ్వుకుంటుంది. తోపుడు బండి మీద లమ్మడా దాకా తోస్తుంటే ప్రతి వీధి కంచె దగ్గరా ఆపి ఎక్కడికని అడిగారు. నేను ఒకచోట ఇల్లు నిలబెట్టడానికన్నాను, ఇంకోచోట ప్రభుత్వాన్ని నిలబెట్టడానికన్నాను. రెండోసారి బావ నా వీపు మీద ఒకటి వేసి, కాపలావాళ్ళకు బర్మా భాషలో క్షమాపణ చెప్పుకున్నాడు. వాళ్ళు నవ్వి కంచె తీశారు. ఒకాయనైతే ఆ కర్రలకేసి ఆశగా చూశాడు. అడ్డు కట్టడానికి అంతకంటే మంచి కర్ర ఎక్కడ దొరుకుతుంది.

మొదటి పూట అంతా సవ్యంగానే జరిగింది. గోడౌను వెనక దొడ్లో బస్సును ఎత్తి, చక్రం విప్పి, దిమ్మలు పేర్చాం. బావ తన్నడానికి కాలెత్తేసరికి సావుకారు ఇల్లాలు పళ్ళెంతో వచ్చింది. అది ఇల్లు కాబట్టి ఇంటికి ఆధారమైన దిమ్మకు శాంతి చెయ్యాలట. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దిమ్మల చుట్టూ పసుపు గుడ్డ ఒకటి చీరకట్టినట్టు చుట్టింది. బావ ఎత్తిన కాలు దించేశాడు.

"బొట్టెట్టినదాన్ని తన్నలేన్రా," అన్నాడు నాతో. "నువ్వూ తన్నకు."

"ఐతే సేత్తో దండవెట్టి అడుగు బావా. పడిపోతావేటి తల్లీ అని."

ఆయన నవ్వాడు, కానీ తన్నలేదు. చేత్తో నెట్టి చూసి, కళ్ళకద్దుకుని కిందకు దూరాడు. ఆ పూట గుడ్డ వెనక ఉన్నవి పింగడో దిమ్మలు కాబట్టి బతికిపోయాం. ఈలోగా సావుకారు కూలీలు బస్సులోకి ట్రంకు పెట్టెలు ఎక్కిస్తూనే ఉన్నారు. కింద మనిషున్నాడు బాబూ, పని అయ్యాక ఎక్కించుకోండి అంటే, ఎలాగూ ఎక్కించాల్సినవే కదా అన్నాడు సావుకారు. ప్రతి పెట్టెకూ బస్సు చిన్నగా మూలిగేది. కింద నుంచి బావ కూడా మూలిగేవాడు.

మధ్యాహ్నం ఇద్దరం వీధి చివర టీ కొట్టులో అన్నం తిని వచ్చాం. మేము తింటున్న సమయంలో వీధి కమిటీ వాళ్ళు సావుకారు దగ్గరకొచ్చి, అడ్డు కట్టడానికి ఏదైనా ఇమ్మన్నారు. ప్రతి ఇల్లూ ఏదో ఒకటి ఇస్తోంది. ఆయన గోడౌనులో టేకు పలకలు కప్పుదాకా ఉన్నాయి. వాటి మీద చెయ్యి పడలేదు. మా జాకీతోనే బస్సును ఎత్తించి, దిమ్మలు లాగించి, వాటి చోట బోలు ఇటుకలు అదే ఎత్తుకు పేర్పించాడు. మళ్ళీ పసుపు గుడ్డ చుట్టించాడు. మళ్ళీ బొట్టు పెట్టించాడు. జాకీ దించేసి పక్కన పడేయించాడు. ఇదంతా మాకు తర్వాత కూలీలు చెప్పిన సంగతి.

అన్నం తిని వచ్చిన బావ గుడ్డను చూశాడు, బొట్టును చూశాడు, దండం పెట్టి కిందకు దూరాడు. నేను తాడు కొస పట్టుకుని పీట మీద కూర్చున్నాను. సన్నగా జల్లు మొదలైంది. ఆయన పానాతో బోల్టు మీద పడి తిప్పుతుంటే బస్సు వణుకుతోంది. నేను ఏదో ఊసు చెబుతున్నాను, సావుకారు చిన్న కోడలు నడక గురించి అనుకుంటా. పసుపు గుడ్డ అంచు నుంచి ఎర్రగా పొడి రాలుతోంది. కుంకుమ అనుకున్నాను. ఇంకాస్త రాలింది. ఎంత భక్తురాలైనా అంత కుంకుమ పెట్టదు కదా అనిపించి, ఒంగి గుడ్డ కొస ఎత్తాను.

ఇటుక. నిలువునా పగిలి, పగులులోంచి పొడి కారుతోంది.

అరిస్తే ఆయన ఉలిక్కిపడి లేవబోతాడు, లేస్తే తల ఛాసీకి తగులుతుంది. అందుకని అరవలేదు. తాడు రెండు చేతులకూ చుట్టుకుని, కాళ్ళు బురదలో తన్నిపెట్టి ఒక్క లాగు లాగాను. గోనె జారింది, మనిషి జారాడు. నడుము వచ్చింది, ఛాతీ వచ్చింది, తల వచ్చింది. అప్పుడు ఆయన చేతిలోంచి పానా జారి, కింద పడుకోబెట్టిన చక్రం మీద పడింది. ఆ సైజు పానా అదొక్కటే. అది పోతే రంగూనులో ఇంకోటి లేదు, దేశానికి గడియ తీసేదాకా రాదు. ఆయన చెయ్యి దానంతటది వెనక్కి పోయింది.

ఇటుకలు అప్పడాల్లా నలిగిపోయాయి. ట్రంకు పెట్టెలతో సహా అత్తారిల్లు దిగి వచ్చి ఆ చక్రం మీద కూర్చుంది. చక్రానికీ ఛాసీకీ మధ్య మా బావ కుడిచేతి చివరి రెండు వేళ్ళు.

ఆయన కేకవెయ్యలేదు. "జాకీ," అన్నాడంతే. కూలీలూ నేనూ జాకీ పెట్టి ఎత్తి చెయ్యి బయటకు తీశాం. ఆ చేతిలో పానా ఉంది.

సావుకారు పరుగెత్తుకొచ్చి చూసి, రెండు చేతులూ జోడించి పైకి చూశాడు. "అమ్మోరి దయ సూడండర్రా. పేనం పోవలిసింది, రెండు వేళ్ళతో పోయింది."

నాకు జోకులకు ఎప్పుడూ కరువు రాలేదు. ఆ రోజు వచ్చింది. దిమ్మలేవని అడిగాను. వీధికిచ్చానన్నాడు. ఇవ్వకపోతే రేపు కొట్టు మీద పడతారన్నాడు. ఎత్తుకు ఎత్తు సరిపెట్టాను కదా, కర్రైతేనేం ఇటికైతేనేం అన్నాడు.

"రెండూ ఒకటే అయితే గుడ్డ ఎందుకు సుట్టినావు?" అన్నాను.

ఆయన కూలీల వైపు తిరిగి ట్రంకు పెట్టెలు దింపమన్నాడు. ఇప్పటికీ నన్ను నిద్రలోంచి లేపేది ఆ గుడ్డే. తెలియక చేసినవాడు గుడ్డ చుట్టడు. కప్పి పెడితే చూడరనీ, బొట్టు పెడితే తన్నరనీ ఆయనకు తెలుసు. మా బావ భయభక్తుల కొలత తీసుకుని మరీ ఆ గుడ్డ చుట్టాడు.

ఆసుపత్రిలో వరండా నిండా, ఊరేగింపుల మీద సైన్యం జరిపిన కాల్పుల్లో తూటా దెబ్బలు తిన్నవాళ్ళు. నేల మీద, బల్లల మీద, తల్లుల ఒళ్ళో. బావ ఆ చేతిని తువ్వాలులో దాచుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మన వంతు ఇంకా రాలేదులే అంటాడు నేను తొందరపెట్టినప్పుడల్లా. నర్సు ఎక్కడ తగిలిందని అడిగితే తలదించుకుని, బస్సు కిందమ్మా అన్నాడు, ఏదో తప్పు చేసినవాడిలా. దేశం కోసం దెబ్బతిన్నవాళ్ళ మధ్య సావుకారు కోసం దెబ్బతిన్నందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడాల్సినవాడు ఆ సమయానికి ట్రంకు పెట్టెలు దింపించుకుంటున్నాడు.

బావకు కట్టు కట్టించి, అక్కకు అప్పగించి, నేను తిన్నగా లమ్మడా వీధి అడ్డు దగ్గరకెళ్ళాను. మా దిమ్మలు అడుగున ఉన్నాయి. తలకు ఎర్ర పట్టీలు కట్టుకున్న కాలేజీ కుర్రాళ్ళకు జరిగింది చెప్పాను. పాత కర్రలు, పనికిరానివి అని చెప్పి ఇచ్చాడన్నారు వాళ్ళు. ఇంకేమీ అడగలేదు. అడ్డు విప్పి, తలో కొసా పట్టుకుని వాళ్ళే దొడ్లోకి మోసుకొచ్చి, నాతో కలిసి బస్సు కింద పేర్చారు. మరి మీ అడ్డుకో అన్నాను. ఒకడు తలగోక్కున్నాడు. గోడౌనులో టేకు పలకలున్నాయి, అవి కూడా పాత కర్రలే తమ్ముడూ అన్నాను. ఆ పలకలు మోసుకుపోతుంటే సావుకారు ముఖం చూశాను. రెండు వేళ్ళకు అది సరిపోదు. అయినా చూశాను, కడుపునిండా చూశాను.

తర్వాత సైన్యం మళ్ళీ వీధుల్లోకి వచ్చింది. కట్టినవాళ్ళ చేతనే తుపాకీ చూపించి అడ్డులన్నీ పీకించారు. ఆ కుర్రాళ్ళను మళ్ళీ చూడలేదు. మాండలే ప్రయాణం ఆగిపోయింది, బస్సు దొడ్లోనే మా దిమ్మల మీద కుంటుతూ నిలబడి ఉంది. చలికాలంలో మళ్ళీ కబురొచ్చింది. నేను పోనన్నాను, నా నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను. బావ నన్ను పూర్తిగా అననిచ్చి, "విప్పిన బండి విప్పినట్టే ఒగ్గేస్తే అది నా పేరురా, ఆడిది కాదు," అన్నాడు. తాడు పట్టుకోవడానికి నేను కాకపోతే ఇంకెవరు. వెళ్ళాను.

మేము వెళ్ళేసరికే దిమ్మకు పసుపూ కుంకుమా కొత్తగా మెరుస్తున్నాయి. గుడ్డ మాత్రం లేదు. సావుకారు కొట్టులోంచి బయటకు రాలేదు. ఆయన ఇల్లాలు పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. బావ మూడు వేళ్ళ చేతిని రెండో చేతికి జోడించి, కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. తర్వాత లుంగీ ఎగ్గట్టి, కాలు వెనక్కి తీసి, బొట్టు మీదే ఒక్క తన్ను తన్నాడు.

"అమ్మోరురా బాబూ," అంది ఆవిడ నీరసంగా.

"అమ్మోరికి దండం ముందే ఎట్టినాను తల్లీ. ఇది దిమ్మకి."

దిమ్మ కదల్లేదు. అయినా అటు పక్కకెళ్ళి ఇంకోసారి తన్నాడు. నేను తాడు చేతికి చుట్టుకుని పీట మీద కూర్చున్నాను. ఆ పూట ఊసులు చెప్పలేదు, దిమ్మను చూస్తూ కూర్చున్నాను.