ఝుమ్మనే గిటారు

ముసునూరు బసవపున్నారావు పగలు మామిడికాయలు బుట్టలకెత్తేవాడు, రాత్రిళ్ళు పెళ్ళిళ్ళలో కరెంటు గిటారు వాయించేవాడు. ఎనభై ఆరులో, ఆర్కెస్ట్రా నడిపే చలపతి మాస్టారు కీబోర్డు కొన్నారు. దాని పక్కన పున్నారావు నిలబడితే చాలు, తీగ ముట్టకుండానే గిటారు ఝుమ్మనేది, పూత మీద ఈగలు మూగినట్టు. వైర్లు మార్చాడు. ఎర్త్ కడ్డీ పాతి బిందెడు నీళ్ళు పోశాడు. అయినా ఝుమ్మంటూనే ఉంది. నాలుగు బల్లలు కలిపిన వేదిక మీద దూరం జరగడానికి చోటూ లేదు.

విస్సన్నపేట పెళ్ళిలో ఒక రైతు అరిచాడు. "గిటారుకి మామిడిపూతకి పట్టినట్టు తేనెమంచు పురుగు పట్టిందిరోయ్, మందు కొట్టండి!"

పందిరంతా నవ్వింది. మాస్టారు మాత్రం నవ్వలేదు.

"ఈ కీబోర్డులో గిటారు బటన్ కూడా ఉందయ్యా పున్నారావ్. రేపట్నుంచి అదే నొక్కుకుంటా."

"ఒక్క పాట ఆగండి మాస్టారూ!"

పున్నారావు విసుగెత్తి, నిలబడ్డచోటే గిర్రున పక్కకి తిరిగాడు. మాస్టారి వైపు వీపు పెట్టగానే, గిటారు దిశ మారి కీబోర్డు కరెంటు దానికి సోకక, ఝుంకారం ఆగిపోయింది. వాన వెలిసిన తోటలా ఉంది ఆ నిశ్శబ్దం.

"నాకే వీపు చూపిస్తావా?"

"మీక్కాదండీ, మీ కీబోర్డుకి."

ఉద్యోగం నిలిచింది. ఆనాటి నుంచి అతని వేళ్ళు పెళ్ళివారికి కనబడలేదు. ప్రతి పాటా పక్కనున్న పరదాగుడ్డకే వాయించాడు, పళ్ళు కొరుకుతూ.